కవరులో సగం మొహం

మంగళవారం మధ్యాహ్నం స్టూడియోలోంచి కెమెరా పోయింది. గురువారం సాయంత్రం బయటికి వెళ్ళిన స్టూడియో యజమాని తిరిగి రాలేదు. రెండు ఫిర్యాదులూ ఇచ్చింది ఆయన భార్యే. మొదటిదాన్ని స్టేషన్లో తీసుకుని సొరుగులో పడేశారు. రెండోది శుక్రవారం ఉదయం ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వచ్చింది. తప్పిపోయినవాళ్ళ కేసులు చూడటం ఆమె పని. సొరుగులోది కూడా తెప్పించుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చదివి, జీపు తీయమంది.

స్టూడియో రేవు పాస్ ఆఫీసుకి ఎదురుగా ఉంది. రేవు యార్డులో యుద్ధనౌకలు బాగుచేస్తారు. లోపల అడుగు పెట్టాలంటే ఇంజనీరుకైనా, ఊడ్చేవాడికైనా ఫొటో అంటించిన పాస్ ఉండాల్సిందే. దగ్గరలో ఇంకో స్టూడియో లేదు. కాబట్టి యార్డులో పనిచేసే ప్రతివాడూ ఏదో ఒకరోజు ఇక్కడి స్టూలు మీద కూర్చుని కెమెరాకేసి చూసినవాడే.

ఆమె వెళ్ళేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. ఇద్దరు మనుషులు కంప్యూటరు మోసుకొచ్చి వ్యానులో పెడుతున్నారు. వాళ్ళ వెనక, గూఢచారుల సంగతి చూసే పోలీసు ప్రత్యేక విభాగం అధికారి నుంచుని ఉన్నాడు. ఆయనా, ఇన్‌స్పెక్టరూ ఒకేరోజు ఉద్యోగంలో చేరినవాళ్ళు. డిపార్టుమెంటులో ఆయన్ని చాటున ‘మూత’ అంటారు. ఏ కేసు పొంగబోతున్నా ఆయనే వచ్చి మూత పెట్టి వెళతాడని. ఆ పేరు ఆయనకీ తెలుసు. దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

“అనవసరంగా శ్రమ పడ్డావు. ఇతను తప్పిపోలేదు. పారిపోయాడు,” అన్నాడు మూత.

విషయం నాలుగు మాటల్లో చెప్పాడు. ఫొటోగ్రాఫర్ యార్డు మనుషుల ఫొటోలు రహస్యంగా పరాయి దేశానికి చేరవేస్తున్నాడు. ఎవరు ఏ పనిలో ఉన్నారో, ఎవరిని లొంగదీసుకోవచ్చో తెలుసుకోవడానికి ముందు కావలసింది మొహాలు. అవన్నీ ఇక్కణ్ణుంచే వెళ్ళాయి. సంగతి బయటపడుతోందని తెలిసి సరిహద్దు దాటడానికి బయల్దేరాడు. రైళ్ళలో, ఓడల్లో వెతికిస్తున్నారు.

“మీకెవరు చెప్పారు?”

“నమ్మకమైన చోటు నుంచే వచ్చింది.”

“ఎప్పుడొచ్చింది?”

“గురువారం మధ్యాహ్నం. ఏం, చోటు చెప్పనన్నానని వేళ అడుగుతున్నావా?”

“వేళైనా చెప్పావు. అదే పదివేలు,” అంది ఇన్‌స్పెక్టర్.

మూత నవ్వాడు. లోపల చూసుకోవడానికి అభ్యంతరం లేదన్నాడు. తమవాళ్ళు ఊడ్చి పట్టుకెళ్ళాక మిగిలేది దుమ్మేనని కూడా అన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

ఫొటోగ్రాఫర్ భార్య కౌంటరు వెనక కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. రాత్రి నిద్రపోలేదని చూడగానే తెలుస్తోంది, అయినా జుట్టు శుభ్రంగా దువ్వుకుంది. పోలీసులు ఉదయం నుంచి ఆవిణ్ణి అడిగింది ఒకే ఒక్క ప్రశ్నట, మీ ఆయన ఎవరి మనిషి అని. పక్క షాపువాళ్ళు అప్పుడే ఇటు చూడటం మానేశారట. ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్న అడగలేదు. గురువారం ఆయన ఏం చేశాడో వరుసగా చెప్పమంది.

పొద్దున్న షాపు తీశాడు. పాత కెమెరా ఒకటుంటే దానితో పని నడిపాడు. మధ్యాహ్నం ఇంట్లోనే భోజనం చేశాడు, సరిగా తినలేదు. కాసేపు పడుకున్నాడు. నాలుగు కొట్టాక లేచి మొహం కడుక్కుని, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. పర్సు కూడా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నవాడు పారిపోతున్నాడని మూతకి అదే మధ్యాహ్నం కబురందింది. ఇన్‌స్పెక్టర్ ఆ సంగతి ఆవిడతో అనలేదు.

“ఫొటోలు ఎవరికైనా ఇచ్చేవాడా?”

“ఇచ్చేవాడమ్మా. దాచేదేముంది, పోలీసులకే ఇచ్చేవాడు,” అంది భార్య. “పోలీసులకిచ్చినవాణ్ణి పోలీసులే దొంగంటే నేనెవరితో చెప్పుకోను?”

ఆ తర్వాత ఆవిడ చెప్పిన దాని సారాంశం ఇది. ఒక కాగితం మీద ఎనిమిది ఫొటోలు వస్తాయి. పాస్ ఆఫీసుకీ, మనిషికీ కలిపి ఏడు. ఎనిమిదోది చాలా ఏళ్ళుగా ‘బాబాయి’కి వెళుతోంది. బాబాయి చుట్టమేమీ కాదు, ప్రత్యేక విభాగంలో పనిచేసిన పెద్దమనిషి. యార్డులోకి ఎవరు వెళుతున్నారో ఆ విభాగం ఒక కన్నేసి ఉంచాలి కదా అని మొదట్లో అడిగాడు. మంచి పనే కదా అని ఈయన ఒప్పుకున్నాడు. రెండేళ్ళ కిందట బాబాయి ఉద్యోగ విరమణ చేసి, వెళుతూ వెళుతూ ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఇకమీదట ఈయనకివ్వు అన్నాడు. కొత్తాయన కూర్చోమంటేనే కూర్చుంటాడు, అడిగితేనే మాట్లాడతాడు, చొక్కా మడత నలగనివ్వడు. అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆయనకి ‘కొత్తల్లుడు’ అని పేరు పెట్టుకున్నారు.

“అసలు పేరు?”

“అడగకూడదట. అడిగితే అనుమానించినట్టు అవుతుందని బాబాయి మొదటిరోజే చెప్పాడు.”

కెమెరా పోయాక ఇంట్లో జరిగింది కూడా ఆవిడ చెప్పింది. మంగళవారం సాయంత్రం ఫొటోగ్రాఫర్ కొత్తల్లుడికి ఫోన్ చేశాడు. మీరు పోలీసులే కదా, కాస్త వెతికించండి అన్నాడు. ఎట్టి పరిస్థితిలోనూ ఫిర్యాదు ఇవ్వొద్దన్నాడు కొత్తల్లుడు. కానీ భార్య అప్పటికే స్టేషన్‌కి వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. వెనక్కి తీసుకోమని మొగుడు రాత్రంతా పోరాడు. ఆవిడ వినలేదు.

“కెమెరా పోయింది మనది. భయం ఆయనకెందుకు అన్నాను. ఆ మాటతో మా ఆయన చల్లబడిపోయాడమ్మా. బుధవారమంతా పలకలేదు. పోలీసైనవాడు పోలీసు స్టేషనంటే ఎందుకు భయపడతాడు అని ఒకటే గొణుక్కున్నాడు.”

ఇన్‌స్పెక్టర్ లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. తెల్లగుడ్డ, దాని ముందు మర తిప్పి ఎత్తు మార్చే స్టూలు, అటొకటీ ఇటొకటీ లైట్లు. పక్కన ఫొటోలు అచ్చువేసే ప్రింటరు, కాగితం కత్తిరించే మిషను. దొంగ వెనక కిటికీ గడియ తీసుకుని వచ్చాడు. ఏదీ పగలగొట్టలేదు. రెండు ఖరీదైన లెన్సులు అద్దాల బీరువాలో ఎదురుగా ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. స్టాండు మీదున్న కెమెరా ఒక్కటే తీసుకెళ్ళాడు.

వాడికి కావలసింది కెమెరా కాదు, దాని లోపల ఉన్నది.

తీసిన ఫొటోలు కంప్యూటరులో ఎక్కించేవాడా అని అడిగింది. లేదట. ఏదీ దాచొద్దనీ, కార్డులోంచి ప్రింటు తీసి సాయంత్రానికల్లా తుడిచేయమనీ బాబాయి చెప్పాడట. అది కూడా ఈయన తు.చ. తప్పకుండా పాటించాడు. మూత మనుషులు జాగ్రత్తగా మోసుకెళ్ళిన కంప్యూటరులో సినిమా పాటలు తప్ప ఏమీ ఉండవని ఆవిడ చెప్పింది.

కౌంటరు మీద రేకు డబ్బాలో ఫొటోల కవర్లు ఉన్నాయి. ఇంకా ఎవరూ వచ్చి తీసుకోనివి. ప్రత్యేక విభాగంవాళ్ళు వాటిని తెరిచి, ఫొటోలు చూసి, మళ్ళీ పెట్టేశారట. ఇన్‌స్పెక్టర్ ఒకటి చేతిలోకి తీసుకుంది. పల్చటి కవరు, కానీ వంగలేదు. లోపల ఫొటోల వెనక గట్టి కాగితం ముక్క ఒకటి ఉంది. తిప్పి చూస్తే అది కూడా ఫొటోయే. ఒక ఆడమనిషి గడ్డం, మెడ, గొలుసు.

“అది నేనే,” అంది భార్య. కొంచెం సిగ్గుపడింది. “రోజూ షాపు తీయగానే నన్ను స్టూలు మీద కూచోబెట్టి ఒకటి కొడతాడు, లైటు సరిగ్గా ఉందా లేదా అని. అది పెద్దగా ప్రింటు తీసి రంగు చూసుకుంటాడు. తర్వాత అది దేనికీ పనికిరాదు కదా. పారెయ్యడమెందుకని రెండుగా కోసి కవర్లలో అడ్డం పెడతాను, ఫొటోలు మడత పడకుండా. యార్డులో సగంమంది ఇళ్ళల్లో నా ముక్కలే ఉంటాయి.”

“ఈ వారం రోజూ మీరే కూర్చున్నారా?”

ఆవిడ కౌంటరు చెక్కకేసి చూస్తూ ఆలోచించింది. సోమవారం పొద్దున్న తను లేదు. అక్కకి జ్వరమని వెళ్ళి ఆలస్యంగా వచ్చింది. ఆ వేళప్పుడు కొత్తల్లుడు వచ్చి ఉన్నాడు. కుర్చీ మీద కాగితాల కట్టలుండటంతో స్టూలు మీదే కూర్చోమన్నాడు మొగుడు. అలవాటు కొద్దీ, కాస్త ఇటు చూడండి అని ఒకటి కొట్టేశాడు. ఆయన మొహం మాడిపోయిందట, తుడిచెయ్యమన్నాడట. సాయంత్రం ఎలాగూ తుడుస్తాను కదండీ అన్నాడు ఈయన. నీ సీటు కొత్తల్లుడు లాగేసుకున్నాడే అని ఆ రాత్రి భోజనాల దగ్గర నవ్వించాడు.

“ఆ రోజు తుడిచారా?”

“లేదు. పెళ్ళివాళ్ళ పని మీద పడి మర్చిపోయానని మర్నాడు అన్నాడు.”

“ప్రింటు తీశాడా?”

“తీసే ఉంటాడు. అది చూసుకోనిదే పని మొదలెట్టడు. మంగళవారం పొద్దున్న నేను కోసిన వాటిల్లో ఉండాలి. బోర్లా పెట్టి కోస్తానమ్మా, గీత వెనక వైపు గీసుకుంటాం కనక. ఎవరి మొహమో చూడను.”

ఇద్దరూ డబ్బా బల్ల మీద బోర్లించారు. కవరు తర్వాత కవరు విప్పుతూ ఆవిడ, ఇది నా చెవి, ఇదీ నాదే అంటూ పక్కన పెట్టింది. మధ్యలో ఒకచోట ఆగి, చేతిలోది ఇన్‌స్పెక్టరుకి ఇచ్చింది. మగమనిషి. నుదురు, కళ్ళు, ముక్కు సగం వరకు. ఎడమ కనుబొమ్మని చిన్న మచ్చ రెండుగా చీల్చింది. కళ్ళు నేరుగా కెమెరాలోకి చూస్తున్నాయి, అప్పుడే ఏదో తప్పు జరిగిందని తెలుసుకున్నట్టు. కింది సగం వేరే కవరులో ఎవరి ఇంటికో వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని తన జేబులో పెట్టుకుని, బాబాయి ఇల్లు ఎక్కడ అని అడిగింది. ఆవిడకి తెలుసు. ఆయన భార్య పోయినప్పుడు ఫొటో పెద్దది చేసి పటం కట్టించి ఇచ్చింది వీళ్ళే.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఆవిడ పిలిచింది.

“రాత్రికి ఆయనక్కూడా వండనా అమ్మా?”

వస్తాడో రాడో తెలియని మనిషి ఉన్న ఇంట్లో ఎంత వండాలో ఎవరూ చెప్పలేరు. ఇన్‌స్పెక్టరుకి ఆ సంగతి ఉద్యోగం వల్ల తెలిసింది కాదు.

“వండండి,” అంది.

*

బాబాయిని చూడగానే ఆమె గుర్తుపట్టింది. శిక్షణ కాలంలో సమాచార సేకరణ మీద పాఠాలు చెప్పింది ఆయనే. మూత, తనూ ఒకే బెంచీ మీద కూర్చుని విన్నారు. కబురు తెచ్చేవాడు మీ పేరు అడిగితే వాణ్ణి వదిలేయండి, మీరు పేరు చెబితే ఉద్యోగం వదిలేయండి అనేవాడు. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. గోడ మీద భార్య పటం తప్ప అలంకారం లేదు. కుర్చీ తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

మొదట ఆయనే ప్రశ్నలు వేశాడు. ఎవరు పంపారు, ఎవరెవరికి తెలుసు, జీపు ఎక్కడ నిలిపావు అని. ఆమె ఓపిగ్గా జవాబులు చెప్పింది. ఫొటోగ్రాఫర్ ఎవరో తెలియదన్నాడు. ఆమె గోడకేసి చూసింది. పటం కింది మూలలో స్టూడియో ముద్ర ఉంది. ఆయన కూడా అటు చూశాడు.

“బాగా నేర్చుకున్నావు,” అన్నాడు.

తర్వాత దాచలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ ఫొటోలు విభాగానికే చేరాయి. విరమణకి నెల ముందు ఒక మనిషి ఇంటికి వచ్చాడు. మీ పని పైవాళ్ళు గమనిస్తున్నారన్నాడు. మీ తర్వాత విభాగంలో దీన్ని నడిపే సత్తా ఉన్నవాడు లేడు, ఇకనుంచి నేరుగా పైకే వెళ్ళాలి, మీ ఆఫీసుకి కూడా తెలియకూడదన్నాడు. ఫొటోగ్రాఫర్ పనికి రాకుండా పోయాడని బాబాయి ఆఫీసులో చెప్పి ఆ పేరు కొట్టివేయించాడు. మర్నాడు ఆ మనిషిని స్టూడియోకి తీసుకెళ్ళి అప్పగించాడు.

“కార్డు చూశారా?”

“లేదు.”

“పేరు?”

బాబాయి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“అమ్మాయ్, ముప్ఫయ్యేళ్ళు ఊరందరికీ అడక్కూడదని చెప్పినవాణ్ణి. నా ఎదురుగా కూచుని, అడక్కండి అన్నాడు. సరిగ్గా నేను చెప్పే పద్ధతిలోనే అన్నాడు. నేనెలా అడుగుతాను?” మళ్ళీ తనే, “పైగా రిటైరయ్యేవాడి ఇంటికి ఎవరొస్తారు? అతను వచ్చాడు,” అన్నాడు.

ఆమె జేబులోంచి ముక్క తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

“ఇతనే.”

తలుపు దగ్గర చప్పుడైంది. మూత లోపలికి వచ్చాడు. జీపు వెనకే వచ్చానని దాచకుండా చెప్పి, గురువుగారికి నమస్కారం పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. రిటైరైన అధికారిని విచారించడానికి ఎవరి అనుమతి తీసుకున్నావన్నాడు. ఈ కేసు మధ్యాహ్నమే తన విభాగానికి బదిలీ అయిందనీ, ఆర్డరు తన దగ్గర ఉందనీ అన్నాడు.

“తీసుకో. దానికి ముందు ఒక్క సంగతి చెప్పు,” అంది ఆమె. “ఆయన పారిపోతున్నాడని మీకు గురువారం మధ్యాహ్నం తెలిసింది. ఆ వేళకి ఆయన ఇంట్లో పడుకుని ఉన్నాడు. బయల్దేరిందే నాలుగు దాటాక. మనిషి కదలకముందే కదిలాడని చెప్పినవాడెవడు?”

“అది నీకు అనవసరం.”

“వాడికి జ్యోతిషం వచ్చా, లేక ఆయన తిరిగి రాడని ముందే తెలుసా?”

“మాటలు జాగ్రత్త. మాకు కబురిచ్చిన మనిషి నీలాంటివాళ్ళు నోరెత్తకూడని హోదాలో ఉన్నాడు.”

బాబాయి ఫొటో ముక్క మూతకి అందించాడు. మూత విసుగ్గా అందుకున్నాడు. చూశాడు. బొటనవేలు ఆ చీలిన కనుబొమ్మ మీదికి వెళ్ళి ఆగింది.

శిష్యుడి మొహం చదవడం బాబాయికి కష్టం కాలేదు.

“నీకు తెలుసు ఇతను,” అన్నాడు.

మూత కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆయన చెప్పడానికి కొంతసేపు పట్టింది. చెప్పింది మాత్రం తక్కువే. మిత్రదేశపు రాయబార కార్యాలయంలో ఒక అధికారి ఉన్నాడు. ప్రతి నెలా ప్రత్యేక విభాగం ఆఫీసుకి ముందు గుమ్మంలోంచే వస్తాడు, ఎదురుగా కూర్చుంటాడు. వాళ్ళ దగ్గరున్న పేర్లు ఇస్తాడు, వీళ్ళ దగ్గరున్న పేర్లు తీసుకెళతాడు. పై అనుమతితో జరిగే పని. యార్డు మనుషుల వివరాలు కూడా కావాలని ఒకసారి అడిగితే, అవి ఇవ్వడం కుదరదని మూతే చెప్పాడు. మళ్ళీ అడగలేదు. మర్యాదస్థుడనుకున్నాడు.

“నువ్వు కాదన్నది ఫొటోగ్రాఫర్ దగ్గర తీసుకున్నాడు. ఆయన సంగతి మీకు చెప్పింది కూడా అతనేనా?” అంది ఇన్‌స్పెక్టర్.

మూత తలూపాడు.

“మీరు ఇచ్చేవి పేర్లు, ఫొటోగ్రాఫర్ ఇచ్చినవి మొహాలు. మిమ్మల్ని అధికారులనీ ఆయన్ని గూఢచారి అనీ దేన్నిబట్టి అంటున్నారు?”

“మేమిచ్చేదానికి పైవాళ్ళ సంతకం ఉంటుంది.”

“ఆయన కూడా పైవాళ్ళకే ఇస్తున్నాననుకున్నాడు. ఆ మాట చెప్పింది మన గురువుగారు. ఎవరూ అడగకూడదని నేర్పింది మనం.”

మూత, ఇది ఇక్కడితో ఆగాలి అన్నాడు. ముక్క తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. ఒక రాయబారి మనిషి పేరు బయటికొస్తే మంత్రుల దాకా వెళుతుంది, మన చేతిలో ఉండదు అన్నాడు. మాట పాతదే కానీ, ఈసారి గొంతులో మూత బిగింపు లేదు.

“అతని పేరు నాకొద్దు. ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో చెప్పు, చాలు. ఆయన భార్య వంట చేసుకుని కూచుంటుంది.”

“నిజంగా నాకు తెలియదు.”

“నాకు తెలుసు,” అన్నాడు బాబాయి.

ఇద్దరూ ఆయనకేసి తిరిగారు. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

గురువారం నాలుగున్నరకి ఫొటోగ్రాఫర్ వచ్చింది ఇక్కడికే. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నుంచుని, బాబాయ్, ఆయన నిజంగా పోలీసేనా అని అడిగాడు. బాబాయికి కోపం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత పేరు అడిగే స్థితికి వచ్చావా అని కసిరాడు. అతను ఎదురుగా ఉండగానే కొత్తల్లుడికి ఫోన్ చేశాడు. మావాడికి అనుమానం వచ్చింది, మీరే కాస్త నచ్చజెప్పండి అన్నాడు. అవతల మనిషి ఏమాత్రం తొణకలేదు. ఆరింటికి రేవు వెనక పడవల షెడ్డుకి పంపండి, నా కార్డు చూపిస్తాను అన్నాడు.

“వెళ్ళనన్నాడు. భయంగా ఉంది బాబాయ్ అన్నాడు. నేనే భుజం తట్టి పంపించాను,” అన్నాడు ఆయన.

మూత లేచి నుంచున్నాడు.

“ఆ షెడ్డు వాళ్ళ రాయబార కార్యాలయం పేరు మీద అద్దెకుంది. షికారు పడవ పెట్టుకుంటామన్నారు. అనుమతి ఇచ్చింది మా విభాగమే,” అన్నాడు.

*

షెడ్డు దగ్గరికి ఇన్‌స్పెక్టరూ, మూతా వెళ్ళేసరికి ఎండ వాలుతోంది. రేకుల గోడలు, రెండు రెక్కల చెక్క తలుపు, దానికి బయటినుంచి కొత్త తాళం. తలుపు ముందు నేల నీళ్ళు పోసి కడిగి ఉంది. మిగతా చోటంతా దుమ్ము. తలుపు కింది సందులో మగవాళ్ళ చెప్పు ఒకటి ఇరుక్కుని ఉంది, రెండోది లేదు. ఇన్‌స్పెక్టర్ తలుపు కొట్టింది. ఫొటోగ్రాఫరుగారూ అని పిలిచి, చెవి ఆనించి విన్నది. గోడ చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ కొట్టింది. లోపలినుంచి జవాబు లేదు.

మూత కొంచెం దూరంగా నుంచుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఎవరో లైన్లో ఉండమన్నట్టున్నారు. చాలాసేపు ఉన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చాడు.

“సోమవారం చూద్దామంటున్నారు. విదేశాంగ శాఖ వాళ్ళతో మాట్లాడాలట.”

“అప్పటిదాకా మనిషి లోపలే ఉంటే?”

“ఉన్నాడని రుజువేది? ఆ చెప్పు అతనిదేనని ఎవరు చెప్పాలి?” తర్వాత గొంతు తగ్గించాడు. “చట్టం ప్రకారం ఆ తలుపు దాటి మన పోలీసులు అడుగు పెట్టకూడదు, అది వాళ్ళ రాయబార కార్యాలయం కింద లెక్క. అనుమతి లేకుండా పగలగొట్టి వెళ్ళావనుకో, నువ్వు చేసేదాన్ని దర్యాప్తు అనరు. ఇవాళ పొద్దున్న నేను ఆ ఫొటోగ్రాఫర్ని ఏమన్నానో, రేపు నిన్ను అదే అంటారు. అనాల్సింది కూడా నేనే.”

“అంటావని తెలుసు,” అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె టోపీ తీసి జీపు సీటు మీద పెట్టింది. వెనక పెట్టెలోంచి జాకీ రాడ్డు తెమ్మని డ్రైవరుకి చెప్పింది. అతను మూత మొహంలోకి చూశాడు. మూత సముద్రం వైపు తిరిగి నుంచున్నాడు.

ఫొటోగ్రాఫర్ లోపల ఉన్నాడో లేడో ఇంకా తెలియదు. తాళం ఇంకా పగలగొట్టలేదు.